బాలింత గదికి ఏ రంగు?

పురిటికి అమ్మాయి పుట్టింటికి వస్తుందంటే గదికి కొత్తగా రంగు వేయించడం మన ఇళ్ళలో మామూలే. ఈమధ్య మా ప్రసూతి వార్డుకూ రంగు వేయించవలసి వచ్చింది. పెయింటరు తెచ్చిన కార్డులో ఐవరీ, క్రీము, బిస్కెట్, గంధం రంగులు పక్కపక్కనే ఉన్నాయి. "ఏదైతే ఏమిటి సిస్టరమ్మా, అన్నీ ఒకటేగా" అన్నాడతను. మేము ఒప్పుకోలేదు.

మాకు గోడకన్నా గోడ పక్కన పడుకున్న బిడ్డ ఒంటి రంగు ముఖ్యం. పుట్టిన పిల్లల్లో సగం మందికి పైగా మొదటి వారంలో కాస్తో కూస్తో కామెర్లు కనబడతాయి. ఎక్కువ మందికి వాటంతటవే తగ్గిపోతాయి. కొందరికి వైద్యం అందకుండా ముదిరితే మెదడు, వినికిడి దెబ్బతినవచ్చు. గోడలు పసుపు, పరదాలు పసుపు, బల్బు కూడా పసుపైతే ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఒకసారి ఒక అమ్మమ్మగారు "మా మనవడిది పసిమి ఛాయ" అని మురిసిపోతూ తీసుకువచ్చారు. కిటికీ దగ్గర వెలుతురులో చూస్తే బాబు కాళ్ళ వరకు పసుపే. ఆ రోజే లైటు కింద పెట్టవలసి వచ్చింది. వారి గది గంధం రంగట.

కనుక తెలుపుకు దగ్గరగా, పసుపు తక్కువగా ఉన్నదే బాలింత గదికి మంచిదని మా అభిప్రాయం. కార్డు చూసి తేల్చుకోకండి. గోడ మీద రెండడుగుల మేర రెండు కోట్లు వేయించి, ఆరాక పక్కన తెల్ల కాగితం పెట్టి చూడండి. పగలు ఒకసారి, రాత్రి ట్యూబులైటు కింద ఒకసారి. మేము అలాగే చూశాము. క్రీము పసుపు నీళ్ళలా తేలింది, బిస్కెట్ రాత్రికి ఎర్రబారింది, ఐవరీ నిలిచింది. గంధమే బాగుందని అలిగిన సిస్టర్ల కోసం ఆ రంగు వెయిటింగు హాలుకు వేయించాము!

స్విచ్చి బోర్డుకు, తలుపుకు మాత్రం గోడ రంగే వేయకండి. శుక్లాలున్న తాతగారికి అవి కనబడవు. పాత పెయింటు గీకేటప్పుడు గర్భిణీలు, పిల్లలు ఆ ఇంట్లో ఉండకూడదు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమం 2017 నవంబరు నుండే అమలులోకి వచ్చింది. అంతకు ముందటి పొరల్లో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు?

ఏ రంగు వేయించినా, రోజూ పగటి వెలుతురులో బిడ్డ నుదుటి మీద, రొమ్ము మీద వేలితో మెల్లగా నొక్కి వదలండి. అక్కడ పసుపు కనబడితే ఆ రోజే తీసుకురండి. పుట్టిన 24 గంటల లోపు కనబడినా, అరిచేతులు, అరికాళ్ళు పసుపెక్కినా, పాలు తాగక మగతగా ఉన్నా, అర్ధరాత్రయినా సరే వెంటనే రండి. పొద్దుటి ఎండలో పెడితే పోతుందని ఆగకండి.