హాలు హైదరాబాద్‌లో, పాట మదనపల్లెలో

ఒక మహానుభావుడు పుట్టి వందేళ్లయిందంటే మన దేశంలో ఏం జరుగుతుందో దాదాపు ఫిక్స్. స్టాంప్ వేస్తారు, విగ్రహం పెడతారు, ఒక రోడ్డుకి పేరు మారుస్తారు, సభ పెట్టి ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ ఫ్లెక్సీలు ఏ పశువుల కొట్టం మీదో వాన ఆపుతుంటాయి. (వాటి వల్ల జరిగిన అసలు మేలు అదేనని నాకు గట్టి నమ్మకం.) అందుకే 'శతజయంతి ఉత్సవాలు' అనగానే మన బ్యాచ్‌కి ఆవలింతలు వస్తాయి. అయినా సరే, ఒక శతజయంతి గురించి రాయాలనిపించింది. ఎందుకంటే అది నిజంగానే ఏదో మిగిల్చింది. కానీ మిగల్చాల్సిన చోట మిగల్చలేదు.

1961. రవీంద్రనాథ్ ఠాగూర్ పుట్టి వందేళ్లు. కేంద్రం, రాష్ట్రాలు కలిసి దేశమంతా చేసిన పండగ అది. సత్యజిత్ రాయ్ ఆయన మీద డాక్యుమెంటరీ తీశారు. సాహిత్య అకాడమీ శతజయంతి సంపుటి వేసింది. ఇవన్నీ మామూలే అనుకోండి. కొత్త సంగతి ఏంటంటే, రాష్ట్ర రాజధానుల్లో ఆయన పేరు మీద నాటకశాలలు కట్టాలనుకున్నారు, చాలాచోట్ల నిజంగానే కట్టేశారు. ఢిల్లీలో హబీబ్ రహమాన్ డిజైన్ చేసిన రవీంద్ర భవన్ అప్పటిదే. సాహిత్య, సంగీత నాటక, లలిత కళా అకాడమీలు మూడూ ఇప్పటికీ ఉండేది అందులోనే. చండీగఢ్‌లో టాగోర్ థియేటర్, కలకత్తాలో రవీంద్ర సదన్, బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్ర అన్నీ ఆ ఊపులో వచ్చినవే. మన హైదరాబాద్‌లో రవీంద్రభారతి. ఫయాజుద్దీన్ డిజైన్. 1961 మే నెలలో సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా తెరిచారు.

రవీంద్రభారతిలో ఇప్పుడు ఠాగూర్ నాటకాలు ఎన్ని ఆడతారో తెలీదు గానీ, కూచిపూడి అరంగేట్రాలు, పద్యనాటకాలు, పుస్తకావిష్కరణలు, సన్మానాలు, సంతాప సభలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. దీన్ని కొందరు ఎగతాళి చేస్తారు, పేరు ఠాగూర్‌ది, లోపల జరిగేదంతా ఇంకేదో అని. నాకైతే ఇదే దాని గొప్పతనం అనిపిస్తుంది. ఒక కవి పేరు మీద ప్లాట్‌ఫామ్ కట్టి, దాని మీద ఎవరి ప్రోగ్రామ్ వాళ్లని రన్ చేసుకోమన్నారు. ఆ కవి గురించి రోజూ మాట్లాడాల్సిన పని లేదు. అరవై ఏళ్లు దాటినా లైట్లు వెలుగుతున్నాయి, తెర లేస్తోంది. మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు డెమో అయిన మర్నాడే చచ్చిపోతాయని మనకి బాగా తెలుసు కదా. ఆ లెక్కన 1961 వాళ్లు చేసింది చిన్న పని కాదు.

నా గొడవ వేరే. హాళ్లన్నీ రాజధానులకే వెళ్లాయి.

కుప్పంలో ఉండే కుర్రాడికి హైదరాబాద్ ఎంత దూరమో మ్యాప్ తీసి చూడండి. కుప్పం నుంచి రైలెక్కితే బెంగళూరు దగ్గర. అంటే మా వైపు వాళ్లకి ఆ శతజయంతి మిగిల్చిన దగ్గరి హాలు కన్నడ రాజధానిలో ఉంది! 2014 తర్వాత ఇంకో తమాషా. అప్పటి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చిన ఒక్క హాలూ తెలంగాణకి వెళ్లింది. దాని మీద నాకేం ఏడుపు లేదు, అది అక్కడి జనానిదే. కానీ అన్నీ ఒకే సర్వర్‌లో పెడితే ఇలాగే ఉంటుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఠాగూర్ ఎప్పుడూ తొంగి చూడని ఊళ్లలో కూడా ఆయన పేరున భవనాలు లేచాయి. ఆయన వచ్చి, కొన్నాళ్లుండి, ఈ దేశానికి సంబంధించిన ఒక ముఖ్యమైన పని చేసిన ఊరు మాత్రం మన మదనపల్లె.

మీలో చాలామందికి సగం తెలిసే ఉంటుంది. అనీబిసెంట్ 1915లో ఇక్కడ పెట్టిన దివ్యజ్ఞాన కళాశాల, అదే బీటీ కాలేజీ. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడికొచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి, ఆయన భార్య మార్గరెట్ కజిన్స్‌కి పాశ్చాత్య సంగీతంలో మంచి పట్టు. విద్యార్థులూ మాస్టర్లూ కలిసి పాటలు పాడుకునే ఒక సాయంత్రం ఠాగూర్ కూడా వచ్చి కూర్చుని 'జనగణమన' పాడారు. వింటున్నవాళ్లు మెల్లగా గొంతు కలిపారు. తర్వాత మార్గరెట్ ఆ పాటకి స్వరాలు పాశ్చాత్య పద్ధతిలో రాసుకున్నారు. ఠాగూర్ తన బెంగాలీ పాటని తనే ఇంగ్లీషులోకి మార్చి 'ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టారు. ఆయన చేతిరాత ఫొటో నెట్‌లో దొరుకుతుంది. కింద తేదీ ఫిబ్రవరి 28, 1919. ఇంకో నెలన్నరకి జలియన్‌వాలాబాగ్, ఆ తర్వాత ఆయన 'సర్' బిరుదు వదిలేయడం. అంటే మదనపల్లెలో గడిపిన ఆ రోజులు తుఫాను ముందు రోజులు.

మా ఊళ్లో కొంతమంది ఇంకో అడుగు ముందుకేసి 'జాతీయగీతం పుట్టిందే మదనపల్లెలో' అంటారు. అంత దూరం పోనక్కర్లేదు. ఆ పాటని 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు, ట్యూన్ ఠాగూర్‌దే. ఇక్కడ జరిగింది అనువాదం, నొటేషన్. అది తక్కువా? ఒక ప్రాంతపు పాట ఆ ప్రాంతం దాటి ఎవరైనా అర్థం చేసుకునేలా, ఎక్కడైనా వాయించుకునేలా మారింది ఇక్కడే. ఉన్న నిజమే ఇంత బాగున్నప్పుడు దానికి పౌడర్ రాయడం ఎందుకు?

నా కడుపుమంట ఏంటంటే, ఇదంతా నాకు బళ్లో ఎవరూ చెప్పలేదు. 2021లో, స్వాతంత్ర్య అమృతోత్సవాల టైములో, జాతీయగీతం పాడి వీడియో అప్‌లోడ్ చేయండి, సర్టిఫికెట్ వస్తుంది అన్నారు. గుర్తుందా? మా స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ పదిసార్లు వచ్చింది. అందరం యూనిఫామ్ చొక్కా, కింద నైట్ ప్యాంటు వేసుకుని, సెల్ ముందు నిలబడి పాడాం. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి స్టేటస్ పెట్టాం. పుంగనూరు నుంచి మదనపల్లె బస్సెక్కితే ఎంతసేపు? ఈ పాటని ఇంగ్లీషులోకి మార్చింది ఆ పక్క ఊళ్లోనే అని ఒక్క వాక్యం, ఒకే ఒక్క వాక్యం, ఆ మెసేజ్ కింద కలిపి ఉంటే మేం వేరేగా పాడి ఉండేవాళ్లం. పాటలో ఐదు చరణాలు ఉన్నాయని, మనం పాడేది మొదటిదే అని కూడా నాకు ఇంటర్‌లో యూట్యూబ్ చెప్పింది.

శతజయంతులు నిలబడతాయా లేదా అనే ప్రశ్నకి నాకు బాగా నచ్చిన జవాబు మాత్రం ప్రభుత్వం దగ్గర దొరకలేదు, మా అవ్వ దగ్గర దొరికింది. మాది పుంగనూరు పక్కన పల్లె. (పుంగనూరు అనగానే అందరూ పొట్టి ఆవుల గురించే అడుగుతారు. మా ఇంట్లో లేవు, మేం కొనలేం.) చిత్తూరు వైపు పల్లెల్లో మహాభారతం పద్దెనిమిది రోజులు జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సుకి పెద్ద మాను నాటి వేషగాడు దాన్నెక్కుతాడు, చివరి రోజు మట్టితో చేసిన అంత పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. అది జరిగే స్థలాన్ని భారతం మిట్ట అంటారు. మిగతా రోజుల్లో ఆ మిట్ట మీద గొర్రెలు తిరుగుతాయి, పిల్లోళ్లు క్రికెట్ ఆడతారు. కానీ అది భారతం మిట్టే.

అవ్వకి రవీంద్రభారతి ఫొటో చూపించి, నాటకాలకి ఇంత హాలు కట్టారే అని చెబితే, "బాగుండాది. ఆడ నాటకం ఆడేటోళ్లకి రేత్రికి కూడెవురు పెడతారు?" అని అడిగింది. నేను నవ్వాను గానీ తర్వాత ఆలోచిస్తే అది చాలా సీరియస్ ప్రశ్న. మిట్ట మీద గోడల్లేవు, సీట్లు లేవు, శిలాఫలకం లేదు. ఏ ఇంటి నుంచి ఎంత చందా, ఏ రోజు ఎవరింట్లో కళాకారులకి భోజనం అనేది మాత్రం ఊరికి తెలుసు. అంటే మెయింటెనెన్స్ ఎవరిదో రాసి ఉంది, కాయితం మీద కాకపోయినా. మన కమిటీలకి బిల్డింగ్ వస్తుంది, ఈ లిస్టు రాదు. అందుకే చిన్న ఊళ్లలో కట్టిన కళాభవనాలు కొన్ని ఓట్ల లెక్కింపుకో, పెళ్లిళ్లకో తప్ప తలుపులు తెరవవు.

2011లో ఠాగూర్ 150వ జయంతి వచ్చినప్పుడు కేంద్రం పాత స్కీముని దులిపి టాగోర్ కల్చరల్ కాంప్లెక్స్ స్కీమ్ అని తెచ్చింది. 1961 నాటి హాళ్లని బాగుచేయడం, కొత్తవి కట్టడం దాని ఉద్దేశం. ఈసారి యూనివర్సిటీలు, మున్సిపల్ సంస్థలు కూడా అడగొచ్చని నిబంధనల్లో పెట్టారు. ఆలోచన మంచిదే, రాజధాని దాటి బయటికి వచ్చింది. కానీ అడిగేవాళ్లు కావాలి కదా. మదనపల్లె అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

అయితే హాలు ఒక్కటే వస్తే సరిపోతుందని నేను అనను. ఠాగూర్ ఇక్కడ చేసింది అనువాదం కాబట్టి, మన దగ్గర మిగలాల్సింది కూడా అదే. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం పక్కపక్కన పెట్టి చదవడానికే పెట్టిన యూనివర్సిటీ. మూడు రాష్ట్రాలు కలిసే ఊళ్లో దాన్ని పెట్టడం ఎంత తెలివైన పనో కుప్పం బస్టాండులో పది నిమిషాలు నిలబడి చెవులు తెరిస్తే అర్థమవుతుంది. మదనపల్లెలో ఆ చరిత్ర, కుప్పంలో ఈ పని, మధ్యలో పుంగనూరు, పలమనేరు. ఇదంతా ఒకే బస్సు రూటు! అయినా ఏటా ఫిబ్రవరి 28న ఈ రెండు ఊళ్లనీ కలిపే అనువాద పండగ ఒకటి లేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

అనువాదం గురించి నేనింత పట్టుబట్టడానికి స్వార్థం కూడా ఉంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదువుతాను గానీ నిదానంగా, వేలు పెట్టుకుని చదివినట్టు. చలం తెలుగు చేసిన గీతాంజలి, ఇంగ్లీష్ గీతాంజలి పక్కపక్కన పెట్టుకుని చదివాకే నాకు రెండు భాషలూ ఒకేసారి కొంచెం అర్థమయ్యాయి. శాంతినికేతన్‌లో చదువుకున్న రాయప్రోలు, బెజవాడ గోపాలరెడ్డి లాంటివాళ్లు ఆ గాలిని తెలుగులోకి మోసుకొచ్చారు. మన తరం నుంచి ఎవరు మోస్తారు? గూగుల్ ట్రాన్స్‌లేట్ మోస్తుందా? ఒకసారి 'మార్నింగ్ సాంగ్' అందులో పెట్టి చూడండి, నవ్వుకోవడానికి బాగుంటుంది.

పైగా ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. ఠాగూర్ రచనల కాపీరైట్ విశ్వభారతి దగ్గర ఉండేది. మన దేశంలో అది 2001 చివరితో ముగిసింది. మనోళ్ల భాషలో చెప్పాలంటే కోడ్ ఓపెన్ సోర్స్ అయి రెండు దశాబ్దాలు దాటింది, ఫోర్క్ చేసుకోవడమే తరువాయి.

కాబట్టి క్లబ్‌కి నా ప్రపోజల్ ఇది. వచ్చే ఫిబ్రవరి 28 సాయంత్రం సెమినార్ హాల్ అడుగుదాం. కాలేజీ వాళ్లకే కాకుండా ఊరివాళ్లకి కూడా గేటు తెరిచి ఉంచమని అడుగుదాం, అదే అసలు కష్టమైన పర్మిషన్. పాడని ఆ నాలుగు చరణాల్ని తలా ఒకటి తెలుగులోకి తెద్దాం. బెంగాలీ తెలిసిన వాళ్లు మన హాస్టల్లోనే ముగ్గురున్నారు, అర్థం వాళ్లని అడగొచ్చు. తమిళం, కన్నడం ఇంట్లో మాట్లాడే కుప్పం బ్యాచ్ ఎలాగూ ఉంది, వాళ్ల భాషల్లోకి వాళ్లు చేయాలి. చదివాక ఒక వీధినాటకం బృందాన్ని పిలిచి అదే స్టేజీ మీద గంటసేపు ఆడిద్దాం. గెస్టులకి శాలువాలు వద్దు, ఆ డబ్బు బృందానికి ఇద్దాం. ఆ రాత్రి వాళ్లకి భోజనం ఎవరి వంతో ముందే రాసి పెట్టుకోవాలి. మొదటి పేరు నాది రాసుకోండి.