ఎస్ఎస్‌డీ వచ్చాక ‘రికవరీ’ని నమ్ముకుంటే కష్టమే: ల్యాప్‌టాప్ బడ్జెట్‌లోనే బ్యాకప్ కూడా ఉండాలి!

కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మనం ఏమేం చూస్తాం? ప్రాసెసర్ ఏ జనరేషన్, ర్యామ్ 8 జీబీనా 16 జీబీనా, డిస్‌ప్లే ఎన్ని నిట్స్, గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లు.. ఇలా వారం రోజులు రివ్యూలు చూసి, పది మందిని అడిగి, బ్యాంక్ ఆఫర్ కోసం సేల్ దాకా ఆగి మరీ కొంటాం. మరి ఆ ల్యాప్‌టాప్ రేపు పొద్దున ఆన్ కాకపోతే అందులోని ఫైళ్ల సంగతేంటి అని అడిగితే, చాలామంది చెప్పే జవాబు ఒకటే: “ఏముంది బ్రో, రికవరీ చేయించుకోవచ్చుగా!”

ఒకప్పుడు ఆ జవాబుకు కాస్త అర్థం ఉండేది. ఇప్పుడు దాదాపు లేదు. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ రోజుల్లో ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ‘రికవరీ’ అనే మాటను తమ ప్లాన్‌లోంచి తీసేయాలి. మొత్తం బడ్జెట్‌లో పదో వంతు బ్యాకప్ కోసం పక్కన పెట్టాలి. అందుకోసం ఒక మోడల్ కిందికి దిగాల్సి వచ్చినా నష్టం లేదు.

హార్డ్ డిస్కుల కాలం వేరు

పాత హార్డ్ డిస్కులో ఒక ఫైలు డిలీట్ చేస్తే అందులోని డేటా వెంటనే చెరిగిపోదు. ‘ఈ చోటు ఖాళీ, కావాలంటే వాడుకో’ అని విండోస్ తన లెక్కల్లో రాసుకుంటుంది, అంతే. ఆ చోట కొత్త డేటా పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. రెకువా, ఫొటోరెక్ లాంటి సాఫ్ట్‌వేర్లు పనిచేసేది ఈ సూత్రం మీదే. మైక్రోసాఫ్ట్ కూడా 2020లో ‘విండోస్ ఫైల్ రికవరీ’ అని సొంత టూల్ ఒకటి తెచ్చింది. అందుకే షిఫ్ట్ డిలీట్ కొట్టేసిన ఫొటోలు కూడా సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌కి డిస్కు పట్టుకెళ్తే దొరుకుతాయన్న నమ్మకం మనలో పాతుకుపోయింది.

ఎస్ఎస్‌డీ అలా పనిచేయదు. అందులోని ఫ్లాష్ మెమరీలో పాత డేటా మీద నేరుగా కొత్తది రాయడం కుదరదు. ముందు ఒక బ్లాక్ మొత్తం చెరిపి, తర్వాత రాయాలి. రాసే టైమ్‌లో చెరుపుతూ కూర్చుంటే స్పీడ్ పడిపోతుంది. కాబట్టి మీరు ఫైలు డిలీట్ చేయగానే ‘ఈ చోటు ఇక అక్కర్లేదు’ అని విండోస్ ముందే ఎస్ఎస్‌డీకి చెప్పేస్తుంది. ఈ కమాండ్ పేరే ట్రిమ్. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ ఇది ఉంది. ఆ మాట అందాక ఎస్ఎస్‌డీ ఖాళీ దొరికినప్పుడు ఆ బ్లాకులను తనే చెరుపుకుంటుంది. తర్వాత మీరు ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ రన్ చేసినా చాలాసార్లు వచ్చేవి సున్నాలే.

మనం మెచ్చుకునే ఎస్ఎస్‌డీ స్పీడ్‌కి సాయం చేసే ఫీచరే, డిలీట్ అయిన ఫైలుకు తిరిగొచ్చే దారి మూసేస్తోందన్నమాట.

అయితే పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు, పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో చాలావాటికి ఈ ట్రిమ్ గొడవ లేదు. కెమెరా కార్డులో ఫొటోలు పోతే ఇప్పటికీ ఆశ ఉంది. వెంటనే ఆ కార్డు వాడటం ఆపేయండి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను, దొరికిన ఫైళ్లను వేరే డ్రైవ్‌లోనే పెట్టండి.

తాళం మీ దగ్గరే ఉందా?

ఇక రెండో మార్పు ఎన్‌క్రిప్షన్. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే, చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. ఇది మంచిదే. ల్యాప్‌టాప్ ఎవరైనా కొట్టేసినా మీ ఫైళ్లు చూడలేరు. కానీ మదర్‌బోర్డు పోయి, ఎస్ఎస్‌డీ తీసి ఇంకో కంప్యూటర్‌లో పెడితే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. మరి షాపువాడు సెటప్ చేసేటప్పుడు ఏదో ఒక మెయిల్ ఐడీ పెట్టేసి, ఆ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేకపోతే? డిస్కు బాగానే ఉంటుంది, డేటా కూడా అందులోనే ఉంటుంది, కానీ తెరిచే దిక్కుండదు.

యాపిల్ మ్యాక్‌బుక్‌లలో సంగతి ఇంకా బిగువు. ఎం సిరీస్ చిప్‌లు ఉన్న మోడళ్లలో స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది, దాని ఎన్‌క్రిప్షన్ ఆ చిప్‌తోనే ముడిపడి ఉంటుంది. బోర్డు పూర్తిగా చచ్చిపోతే అందులో ఉన్నదీ పోయినట్టే. సన్నటి ల్యాప్‌టాప్ కావాలని మనమే అడిగాం, దాని ఖర్చు ఇలా కూడా ఉంటుంది. ల్యాప్‌టాప్ రివ్యూల్లో బెంచ్‌మార్క్ స్కోర్ల పక్కనే ‘స్టోరేజ్ విడిగా తీయొచ్చా, లేదా’ అన్న లైన్ కూడా తప్పనిసరిగా ఉండాలని నేనంటాను.

డీ డ్రైవ్‌లో కాపీ, వన్‌డ్రైవ్‌లో సింక్

“నేను అన్నీ డీ డ్రైవ్‌లో కూడా పెట్టుకుంటా” అనేవాళ్లు మన దగ్గర చాలామంది. ఎక్కువ ల్యాప్‌టాప్‌లలో సీ, డీ రెండూ ఒకే డిస్కుకు గీసిన గీతలు. ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేసుకునేటప్పుడు ఆ కాపీ పనికొస్తుంది. డిస్కే పోతే రెండూ కలిసే పోతాయి.

“నాదంతా క్లౌడ్‌లోనే ఉంది” అనేది ఇంకో ధీమా. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ ప్రధానంగా చేసేది సింక్. అంటే ల్యాప్‌టాప్‌లో ఏం జరిగితే అక్కడా అదే జరుగుతుంది. ఇక్కడ ఫోల్డర్ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది నిజమే, కానీ 40వ రోజు చూసుకుంటే ఏం లాభం? పైగా ఫ్రీగా వచ్చేది వన్‌డ్రైవ్‌లో 5 జీబీ, గూగుల్‌లో 15 జీబీ. 2023 నవంబర్‌లో కంప్యూటర్లలో వాడే గూగుల్ డ్రైవ్ యాప్‌లో వచ్చిన సమస్యతో కొందరు యూజర్లకు నెలల తరబడి దాచిన ఫైళ్లు కనిపించకుండా పోయాయి. క్లౌడ్ వాడొద్దని నేననట్లేదు. రెండో కాపీగా అది చాలా మంచిది. ఉన్న ఒకే ఒక్క కాపీ అదే అయితేనే చిక్కు.

తప్పు మనదే అయి ఉండాల్సిన పని కూడా లేదు. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొంతమంది కంప్యూటర్లలో డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలోని ఫైళ్లను తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే ఆ అప్‌డేట్‌ను ఆపేయాల్సి వచ్చింది. 2017 మేలో వానాక్రై ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇలాంటి వైరస్ కంప్యూటర్‌కు తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కును కూడా వదలదు. బ్యాకప్ అయ్యాక డిస్కు పీకి బీరువాలో పెట్టమనేది ఇందుకే.

మరి ఏం చేయాలి?

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇప్పటికీ సరిపోతుంది. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్‌లలో, అందులో ఒకటి ఇంటి బయట. స్టూడెంట్ బడ్జెట్‌లో దీన్ని ఇలా చేయొచ్చు: ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒకటి, 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కులో ఒకటి, బాగా ముఖ్యమైనవి మాత్రం క్లౌడ్‌లో ఒకటి. బ్యాకప్‌కి ఖరీదైన ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ అక్కర్లేదు. మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్కు సెకనుకు 100 ఎంబీ చొప్పున రాసినా 200 జీబీ కాపీ కావడానికి 35 నిమిషాల లోపే పడుతుంది. చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ ఉంటే ఇంకాస్త ఎక్కువ. అదే 200 జీబీని 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న నెట్‌తో క్లౌడ్‌కి పంపాలంటే 11 గంటలు పడుతుంది. తేడా మీకే తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కి రూపాయి ఖర్చు లేదు. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో ‘ఫైల్ హిస్టరీ’ ఉంది, మ్యాక్‌లో ‘టైమ్ మెషీన్’ ఉంది. రెండూ పాత వెర్షన్లను కూడా దాస్తాయి కాబట్టి, నిన్న పాడుచేసుకున్న రిపోర్ట్‌ను మొన్నటి రూపంలో తీసుకోవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఫైల్ హిస్టరీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లనే తీసుకుంటుంది. డీ డ్రైవ్‌లో మీరు సొంతంగా పెట్టుకున్న ఫోల్డర్‌ను లైబ్రరీలో కలిపితేనే దాన్ని పట్టించుకుంటుంది. ఆ రికవరీ కీని కూడా ఒక కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైలులో పెట్టేయండి.

తీసి చూస్తేనే తెలిసేది

అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసే స్టెప్ ఇది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే డిలీట్ చేశాడు. కంపెనీకి ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ ఏర్పాట్లు ఉన్నాయి. ఒక్కటీ నమ్మకంగా పనిచేయట్లేదని ఆ రోజే తెలిసింది. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ‘టాయ్ స్టోరీ 2’ సినిమా ఫైళ్లు 1998లో ఒక తప్పు కమాండ్‌తో ఎగిరిపోయినప్పుడు కూడా పిక్సార్ బ్యాకప్‌లు పనిచేయలేదు. సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గేలిన్ సస్‌మన్ ఇంట్లో ఉన్న కాపీ కాపాడింది. అంతటి కంపెనీల బ్యాకప్‌లే చెయ్యిచ్చాయి. మన డిస్కులో ‘బ్యాకప్ కంప్లీటెడ్’ అన్న మెసేజ్ ఒక్కటి చూసి ఎలా నమ్మేస్తాం?

కాబట్టి మూడు నెలలకోసారి బ్యాకప్ డిస్కులోంచి ఓ ఐదు ఫైళ్లు తీసి, వేరే కంప్యూటర్‌లో ఓపెన్ చేసి చూడండి. ఒక ఫొటో, ఒక వీడియో, ఒక జిప్, ఒక ప్రాజెక్ట్ ఫోల్డర్, ఒక పాత డాక్యుమెంట్. పది నిమిషాల పని.

చివరిగా ఇంకో మాట. ఇంట్లో టెక్నాలజీ తెలిసిన మనిషి మీరే కదా. నాన్న షాపు కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి ట్యాలీ లెక్కలున్నాయి. అక్క పెళ్లి వీడియో ఎక్కడో ఒక ఫోల్డర్‌లో ఉంది. పొలం పాస్‌బుక్ స్కాన్ కాపీలు డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. వీటికి బ్యాకప్ పెట్టుకోవాలని వాళ్లకు తట్టదు, డేటా పోయిన రోజు మాత్రం ముందు ఫోన్ వచ్చేది మీకే. ఈసారి ఇంటికెళ్లినప్పుడు బ్యాగ్‌లో ఆ హార్డ్ డిస్కు కూడా వేసుకెళ్లండి.