ఉప్పుకాగితమునకు ముందు

పనిశాలలో తరిమెనపై కొయ్య తిరుగుచుండగా బాలుర చేయి తొలుత గీకుడు ఉలిమీదికే పోవును. దాని నెట్లు పట్టినను కొయ్య యెంతోకొంత అరుగును గాన భయము లేదు. వాలుఉలి మాత్రము గోడనున్న మేకుకు వ్రేలాడుచు త్రుప్పు పట్టుచుండును. "అది చేయి తిరిగినవారి పనిముట్టు, మీకేల?" యని ఉపాధ్యాయులలో కొందఱు దానిని ముట్టనీయరు. ఈ యలవాటు మంచిది కాదని మా యభిప్రాయము.

వాలుఉలి చప్పటి యుక్కుపట్టె. దాని కొనను రెండువైపులను సానపట్టుదురు. అంచు పట్టెకు నిటారు అడ్డముగా నుండక సుమారు 70 డిగ్రీల వాలున నుండుటచే నొక మూల పొడవుగను, రెండవది పొట్టిగను ఏర్పడును. చిక్కంతయు పొడవు మూలలోనే యున్నది. కొయ్యను నున్న చేయునపుడు ఆ మూల తగిలెనా, ఉలి విదిలించుకొని లోనికి దిగబడి, కొయ్యచుట్టు పాము చుట్టుకొనినట్లు గాడి పడును.

మేము నేర్చుకొను దినములలో ఒక ముక్కాలిపీటకు రెండు కాళ్లు చక్కగా కుదిరి, మూడవది యిట్లే చెడినది. గురువుగారు కొయ్య వెల మాచేత కట్టించిరి. ఆపై రెండేండ్లు మేమా యులి జోలికి పోలేదు. పిమ్మట వృద్ధుడగు నొక వడ్రంగి తరిమెన నాపించి, కొయ్యను చేతితో మెల్లగా త్రిప్పుచు మాకు చూపెను. ముందు ఉలి సానవాలు కొయ్యపై ఆనవలెను, అంచు తెగరాదు. పిదప పిడిని వెండ్రుకవాసి యెత్తగా అంచు దిగి, పలుచని పేడు చుట్టలుగా లేచును. అంచు నడిమినుండి పొట్టి మూలవైపునకే పని. పొడవు మూల యెప్పుడును గాలిలోనే. ఆ యరగంటలో మా భయము పోయినది.

ఉప్పుకాగితముతో రుద్దిన చాలదా యందురు. రుద్దగా కొయ్యచుట్టు గీతలు పడును, పదునైన అంచులు మొద్దుబారును, ధూళి లేచును. కొయ్యధూళి మానవులకు కేన్సరు కలిగించు నని 1995లో అంతర్జాతీయ కేన్సరు పరిశోధనా సంస్థ ప్రకటించినది. పదునైన వాలుఉలి నుండి లేచునది ముఖ్యముగా పేడు.

ఏటికొప్పాక బొమ్మలను చూడనివారు మనలో అరుదు. అంకుడు కొయ్యను తరిమెనపై రూపుదీర్చి, అది తిరుగుచుండగనే రంగులక్కను ఒత్తెదరు. రాపిడి వేడిమికి లక్క కరగి కొయ్యను పట్టుకొనును; మొగలియాకుతో మెఱుగు పెట్టెదరు. 2017లో వీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. అంత పలుచని పూతక్రింద గరుకుతనము దాగునా?

కావున చెడిన కొయ్యకు వెల కట్టించుట మానవలెను. ప్రతి బాలునకు మెత్తని చిల్లరముక్కలు పది యిచ్చి, కోలలుగా నున్నచేయించి, అవి పుల్లలగువఱకు మఱల మఱల తీయనిండు. మిగిలినది వసతిగృహపు పొయ్యిలోనికి పనికివచ్చును. పదును మాత్రము పని మొదలిడకమున్నే ఉపాధ్యాయుడు చూడవలెను, మొద్దు ఉలి మంచి విద్యార్థిని సైతము వెఱపించును. చొక్కాచేతులు మడువవలయునని వేఱుగ చెప్పనేల? మార్కులు ఉప్పుకాగితము తాకకముందే వేయవలెను. తలిదండ్రులారా, సెలవులకు మీ బాలుడు గాడిపడిన కోల నింటికి తెచ్చినచో, అది యెచ్చట జాఱెనో వానినే చెప్పనిండు.