చెల్లని చారానాలు, లెక్కకు రాని చాకిరీ

ఇంట్లో దొరికిన చిల్లర గురించి హక్కుల పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆ చిల్లరను ఎవరు దాచారు, ఎందుకు దాచాల్సి వచ్చింది అని అడిగి చూడండి. అది హక్కుల ప్రశ్నే అవుతుంది.

మాది నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి మా అత్తమ్మ నడుం వంగిపోయింది. ఇప్పుడు మంచం మీదే ఉంటుంది. ఆమెను లేపి కూచోబెట్టాలి, మొహం కడగాలి, జావ తాగించాలి, దొడ్డికి ఎత్తుకుపోవాలి, పక్కబట్టలు ఉతకాలి. దీనికి ముందూ వెనకా వాకిలి ఊడ్చి చల్లడం, బర్రె పేడ తీయడం, పాలు పిండడం, వంట, పిల్లల్ని బడికి పంపడం ఉండనే ఉన్నాయి. పండుగ వస్తున్నదంటే వీటికి తోడు గోడకు పెచ్చులూడిన చోట మన్ను మెత్తాలి, సున్నం వేయాలి, అరుగుకు జాజు పూయాలి. ఇదే పని మేస్త్రి చేస్తే కూలి ఇస్తారు. నేను చేస్తే అది ‘ఇంటి పని’.

మొన్న దసరా ముందు అలా సున్నం వేస్తూ గూట్లో పాత డబ్బా కదిపితే ఒక గుడ్డ మూట దొరికింది. విప్పితే చారానాలు, ఆఠానాలు, కొన్ని రూపాయి బిళ్ళలు. అత్తమ్మ దాచుకున్నవి. “అమ్మ మన కండ్లు గప్పి ఎంత ఎనకేసిందో సూడు” అని మా ఆయన నవ్వాడు. ఆమె దొంగతనం బయటపడ్డట్టు మొహం గోడవైపు తిప్పుకుంది.

నా అభ్యంతరం ఆ నవ్వు మీద. ఈ ఇంటికి నలభై ఏళ్ళు చాకిరీ చేసిన మనిషి ఆమె. నాట్లు వేసింది, కలుపు తీసింది, తన ఎముకలను తినేసిన నీళ్ళను తానే బిందెలతో మోసింది. అయినా ఆమె చేతిలో ఒక చారానా నిలవాలంటే పాల డబ్బుల్లోనో అంగడి ఖర్చుల్లోనో మిగిల్చి దాచుకోవాల్సి వచ్చింది. సొంత కష్టాన్ని దొంగసొత్తులా దాచుకునే మనిషిని ఇంటికి యజమానురాలు అనడం ఎగతాళి కాదా? ఆ చారానాలు 2011 జూన్ చివరి నుంచి చెల్లవు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు కూడా ఇంతే. నల్లధనం కోసమని చేసిన రద్దు పోపు డబ్బాల్లో ఆడవాళ్ళు దాచుకున్న నోట్లను మొగవాళ్ళ ముందు బయట పెట్టించింది.

ప్రభుత్వం వారి 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే ఖర్చు పెడుతున్నారు. ఆ పని చేసే కొద్దిమంది మగవాళ్ళు 88 నిమిషాలు. అయినా మనల్ని ‘పని చేయనివాళ్ళు’ అనే అంటారు. 2001 జనాభా లెక్కల్లో గృహిణులను బిచ్చగాళ్ళు, ఖైదీలతో కలిపి ఒకే గంపలో వేయడాన్ని 2010లో సుప్రీంకోర్టు తప్పు పట్టింది. అది ఒక రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణికి నష్టపరిహారం తేల్చే కేసు. అంటే ఆడదాని పనికి వెల కట్టాలంటే ముందు ఆమె బండి కింద పడి చావాలన్నమాట!

మా అత్తమ్మ నడుం వంగింది విధిరాత వల్ల కాదు. నల్లగొండ నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని 1940ల నుంచీ తెలుసు. కృష్ణా నీళ్ళు నల్లాల్లోకి వచ్చేసరికి తరాలు గడిచాయి. నీళ్ళు మారినా వంగిన ఎముక తిరిగి నిలబడదు. ప్రభుత్వం చేసిన ఆలస్యానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరు? మంచం పక్కన నిలబడ్డ కోడళ్ళు, బిడ్డలు, భార్యలు.

పాలమూరులోనూ ఇదే కథ, తీరు వేరు. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని ఆలుమగలు బొంబాయి, పూణె వైపు మట్టిపనికి పోతే పిల్లలు ముసలమ్మ దగ్గర మిగులుతారు. పిల్లల్ని సాకే ఖర్చు కూలిలో కలపనవసరం లేదు కాబట్టే గుత్తేదారుకు ఆ కూలి చవక. ఊళ్ళో ముసలమ్మ చేసే ఉచిత చాకిరీ మీద పట్నంలో మేడలు లేస్తున్నాయి.

‘ప్రేమతో చేసే పనికి లెక్కలేమిటి?’ అంటారు. ప్రేమే అయితే అది కొడుక్కి ఎందుకు పుట్టదు? కన్నతల్లి మలమూత్రాలు ఎత్తే పని కోడలి వంతే ఎందుకవుతుంది? ఇంటిపనికి డబ్బిస్తే స్త్రీలు ఇంటికే కట్టుబడిపోతారనే వాదన మన సంఘాల్లోనూ ఉంది. ఆ భయం నిజమైనదే. అందుకే నేను అడిగేది భార్యకు జీతం కాదు. మంచం పట్టిన మనిషిని చూసుకునేవారు ఆడైనా మగైనా వారికి భత్యం కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ సంరక్షకుల భత్యం గురించి చెబుతుంది. మా మండలంలో అది ఎవరికైనా అందగా నేను చూడలేదు. దాన్ని అడగడానికి కలెక్టరేటు దాకా నడవాల్సింది మనమే. కూలి పని వేళలకు సరిపడా పిల్లల్ని చూసే కేంద్రాలు ఊరూరా కావాలి.

ఇక మన ఇంటి సంగతి. 1990లలో రోజుకో రూపాయి పొదుపుతో మొదలుపెట్టిన సంఘాలు ఇవాళ లక్షల అప్పులు తెస్తున్నాయి. చాలా ఇళ్ళలో అప్పు ఆమె పేరున, బోరు ఆయన పేరున. వాయిదా కట్టడానికి చిల్లర వెతుక్కునేది మళ్ళీ ఆమే. స్వచ్ఛంద సంస్థల సర్వే ఫారాల్లో ‘వృత్తి’ అన్న చోట ‘ఏమీ లేదు’ అని రాయడం ఈ నెల నుంచే ఆగాలి. ఎన్ని గంటల పని, ఎవరిని చూసుకుంటున్నారు, ఆమె పేరున ఏముంది అని అడిగి రాయాలి. సంఘం మీటింగుకు ఆలస్యంగా వచ్చిన మనిషిని గద్దించే ముందు ఆమె ఇంట్లో మంచం మీద ఎవరున్నారో కనుక్కోవాలి.