ఉల్లికాడల కోసం స్పెయిన్ ప్రయాణం!

సెలవుల్లో విదేశీ యాత్ర అనగానే మన ఇళ్లల్లో మొదట వచ్చే ప్రశ్న వీసా గురించి కాదు, టికెట్ల గురించీ కాదు. 'అక్కడ మన భోజనం దొరుకుతుందా?' అని! అందుకే టూర్ ఏజెన్సీల కరపత్రాల్లో 'రోజూ రాత్రి ఇండియన్ డిన్నర్' అన్న ముక్కను పెద్దక్షరాల్లో వేస్తారు. అది చాలదన్నట్టు సూట్‌కేసులో ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా. తప్పేం లేదు. కానీ పది రోజులు తిరిగొచ్చిన పిల్లల్ని 'అక్కడివాళ్లు ఏం తింటారు?' అని అడిగి చూడండి. 'పిజ్జా' అంటారు. ఒక దేశం దాకా వెళ్లి, దాని వంటింటి గుమ్మం తొక్కకుండానే తిరిగొచ్చేశామన్నమాట.

ఈసారి లెక్క తిరగేద్దాం. చూడ్డం కోసం వెళ్లి ఏదో ఒకటి తినడం కాదు, తినడం కోసమే వెళ్లి పనిలో పనిగా నాలుగు చోట్లు చూసొద్దాం. అలాంటి ప్రయాణానికి చక్కగా సరిపోయే చోటు కాటలోనియా. స్పెయిన్‌కి ఈశాన్య మూల ఉంటుంది. ఉత్తరాన పిరనీస్ కొండలు, తూర్పున మధ్యధరా సముద్రం. రాజధాని బార్సిలోనా. వాళ్ల భాష కాటలన్, వంటలూ ప్రత్యేకమే. 14వ శతాబ్దంలోనే కాటలన్‌లో వంటల పుస్తకం రాసిపెట్టుకున్నారు. 2025కి 'వరల్డ్ రీజియన్ ఆఫ్ గ్యాస్ట్రానమీ' గుర్తింపు దక్కింది కూడా ఈ ప్రాంతానికే.

ఇక్కడి జిరోనా పట్టణంలో ముగ్గురన్నదమ్ములు నడిపే 'ఎల్ సెయెర్ దె కాన్ రోకా' రెస్టారెంట్ 2013లోనూ, 2015లోనూ ప్రపంచంలోనే నంబర్ వన్ అనిపించుకుంది. అక్కడ బల్ల దొరకాలంటే నెలల ముందే రాయించుకోవాలి. పిల్లాపాపలతో వెళ్లే మనకు అదంతా ఎందుకు? ఆ అన్నదమ్ములకు వంట రుచి తెలిసింది అమ్మానాన్నలు నడిపిన మామూలు భోజనశాలలో. మనం వెతుక్కోవలసింది అలాంటి చోటునే.

నక్షత్రాలు కాదు, కంకులు

కాటలోనియా పల్లెల్లో పొలాల మధ్య రాతితో కట్టిన పెద్ద పెద్ద ఇళ్లు కనిపిస్తాయి. వాటిని 'మసియా' అంటారు. కింద పశువులు, పైన మనుషులు... ఇదీ పాతకాలం ఏర్పాటు. మన దగ్గర అన్నదమ్ములు భూమి పంచుకుంటే అక్కడ మాత్రం ఇల్లూ పొలమూ ఒక్కరికే, సాధారణంగా పెద్దకొడుక్కి, దక్కేవి. కొడుకుల్లేకపోతే కూతురికి. దాంతో పొలం ముక్కలు కాలేదు. అదే ఇల్లు, అదే ఇంటిపేరుతో తరాల తరబడి నిలిచింది.

ఇప్పుడా ఇళ్లకు కష్టకాలం. చిన్న సేద్యంతో గడవక పిల్లలు పట్నం బాట పడుతున్నారు. చాలా మసియాలు బయటివాళ్ల వారాంతపు విడిది ఇళ్లుగా మారిపోయాయి. సేద్యాన్ని వదలని కొన్ని కుటుంబాలు రెండు మూడు గదుల్ని అతిథులకిస్తూ, తమ పంటతోనే వండిపెడుతూ నెట్టుకొస్తున్నాయి. 2024 జులైలో బార్సిలోనాలో 'మాకీ పర్యాటకులు వద్దు బాబోయ్' అంటూ ఊరేగింపు తీసి, కొందరు సందర్శకుల మీద నీళ్ల తుపాకులు కూడా పేల్చారు. అక్కడికి గంటన్నర దూరంలోని పల్లెలో అదే పర్యాటకుడు ఒక వారం ఉంటే ఒక పొలానికి ఊపిరి. డబ్బు మనదే. ఎక్కడ ఖర్చుపెడతామన్నదే తేడా.

కాకపోతే పల్లెలో ఉన్న ప్రతి అద్దె ఇల్లూ రైతు ఇల్లు కాదు. కాటలోనియాలో పల్లె విడుదుల్ని రెండు రకాలుగా చూస్తారు. సేద్యం మీద కూడా ఆదాయం ఉన్న ఇంటివాళ్లు నడిపేది 'అగ్రోటూరిజం' ఇల్లు. మిగతావి మామూలు పల్లె బసలు. హోటళ్లకు నక్షత్రాలిచ్చినట్టు ఈ ఇళ్లకు గోధుమ కంకులిస్తారు... ఒకటి నుంచి అయిదు దాకా! గది మాట్లాడుకునే ముందు మూడు ప్రశ్నలడగండి. మీరు సేద్యం చేస్తారా? భోజనం మీ ఇంట్లోనే వండుతారా? మేం వంటిల్లు వాడుకోవచ్చా? మొదటి రెండింటికీ 'అవును' అన్న జవాబొస్తే సరైన చోటే. మూడోదీ కుదిరితే నానమ్మకు రాత్రిపూట చారు కాచిపెట్టొచ్చు.

సంక్రాంతికి వెళ్తే...

కాటలోనియా రైతు ఇంట్లో ఏం తింటామన్నది మన ఇష్టం కాదు, రుతువు ఇష్టం. సంక్రాంతి సెలవుల్లో వెళ్తే కల్సొట్లు. తెల్లగా, పొడుగ్గా, లావుపాటి ఉల్లికాడల్లా ఉంటాయివి. పండిన ఉల్లిగడ్డను మళ్లీ నాటి, మొలకలు పైకొస్తున్నకొద్దీ మొదట్లోకి మట్టి ఎగదోస్తారు. కాటలన్‌లో 'కల్సార్' అంటే జోడు తొడగడం. మొక్క కాళ్లకు మట్టి జోడు తొడిగి పెంచుతారు కాబట్టి ఆ పేరు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వీటి కాలం. తరగోనా జిల్లాలోని వాల్స్ పట్టణం వీటికి పుట్టిల్లు. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినట్టే వాల్స్ కల్సొట్లకూ యూరప్‌లో అలాంటి గుర్తింపు ఉంది. జనవరి చివరి ఆదివారం అక్కడ పెద్ద పండగే జరుగుతుంది.

వండే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ద్రాక్షతోటలో కత్తిరించిన ఎండుకొమ్మల్ని మంటేసి, కాడల్ని పైపొర నల్లగా మాడేదాకా కాలుస్తారు. పాత పేపర్లో చుట్టి కాసేపు మగ్గనిస్తారు. ఇంటి కప్పుకి వేసే పెంకులో పేర్చి తెచ్చి బల్ల మీద పెడతారు. ఇక స్పూన్లూ ఫోర్కులూ ఉండవు. మెడకో గుడ్డ కట్టుకుని, మాడిన పొరను ఒక్క లాగులో ఊడదీసి, తెల్లటి కాడను పచ్చడిలో ముంచి, తల పైకెత్తి నోట్లోకి దించుకోవడమే. చేతులు నల్లన, మూతులు ఎర్రన! 'చొక్కా పాడవుతుంది జాగ్రత్త' అని పిల్లల్ని కసిరేవాళ్లెవరూ ఉండరు. ఎందుకంటే పెద్దల అవతారమూ అంతే.

ఆ పచ్చడి పేరు రొమెస్కో. కాల్చిన టొమాటో, కాల్చిన వెల్లుల్లి, బాదం, హేజల్‌నట్స్, కారం లేని ఎండుమిర్చి, ఆలివ్ నూనె, కాస్త వెనిగర్... పాత పద్ధతిలో అయితే రోట్లోనే నూరతారు. మన రోటిపచ్చడికి దూరపు చుట్టమే. అసలు టొమాటో, మిర్చి రెండూ అమెరికా ఖండం నుంచి స్పెయిన్ మీదుగా యూరప్‌లో అడుగుపెట్టినవే. ఆ మిర్చే పోర్చుగీసు ఓడలెక్కి మన తీరానికీ చేరింది.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. బల్ల మీద 'పొర్రో' అని సన్నటి కొమ్మున్న గాజుకూజా ఉంటుంది. పెద్దలు అందులో వైన్ పోసుకుంటారు. పెదవులకు తగలకుండా ఎత్తి ధారగా నోట్లో పోసుకోవాలి. ఎంగిలి కాకుండా నీళ్లు తాగడం అలవాటున్న మన తాతయ్యలు దీన్ని మంచినీళ్లతో చేసి చూపిస్తే ఆ బల్ల దగ్గర హీరోలు వాళ్లే.

దసరాకి వెళ్తే...

దసరా సెలవులైతే పుట్టగొడుగుల కాలం. తొలకరి శరదృతువు వానలు పడగానే కాటలన్లు కుటుంబాలతో సహా బుట్టలు పట్టుకుని అడవుల్లోకి పోతారు. అందరికీ ఇష్టమైనది నారింజ రంగు 'రువెల్యో'. వెల్లుల్లీ కొత్తిమీరలాంటి పార్స్లీ ఆకూ వేసి పెనం మీద వేయిస్తే చాలు, ఘుమఘుమ. అయితే ఒక్క మాట. తెలిసినవాళ్లు వెంట లేకుండా అడవిలో ఒక్క పుట్టగొడుగునూ ముట్టుకోవద్దు. మంచివాటి పక్కనే విషపువీ మొలుస్తాయి.

వేసవి సెలవులైతే మే, జూన్ నెలల్లో చెర్రీలు, ఆ వెనకే టొమాటోలు. కాటలన్ భోజనంలో అన్ని కాలాల్లోనూ ఉండేది 'పా ఆమ్ తుమాకెట్'. పల్లె రొట్టె ముక్క మీద సగానికి కోసిన పండు టొమాటోను రుద్ది, నూనె చిలకరించి, ఉప్పు చల్లడం... అంతే వంట! మరి చలికాలంలో టొమాటో ఎలా? దానికో రకం ఉంది. తోలు మందంగా ఉండే చిన్న పళ్లను దారానికి గుచ్చి, మనం వెల్లుల్లి గుత్తుల్ని వేలాడదీసినట్టు, దూలానికి వేలాడదీస్తారు. నెలల తరబడి పాడవవు. ఫ్రిజ్ పుట్టకముందు నుంచీ ఉన్న తెలివి.

అగ్నిపర్వతం మీద చిక్కుళ్లు

ఏ కాలంలో వెళ్లినా రెండు రోజులు గరోచా ప్రాంతానికి కేటాయించండి. బార్సిలోనా నుంచి రెండు గంటల దారి. ముఖ్యపట్టణం ఓలోట్. చుట్టూ నలభై దాకా చల్లారిన అగ్నిపర్వతాలు. చివరిది బద్దలై పదివేల ఏళ్లు దాటింది కాబట్టి భయం లేదు. సాంటా మార్గరీదా అనే అగ్నిపర్వతం నోట్లో పచ్చిక మైదానం, మధ్యలో చిన్న ప్రార్థనాలయం. పిల్లలు గబగబా దిగిపోతారు. క్రొస్కాట్ కొండకి గనుల తవ్వకంలో ఓ పక్క కోసుకుపోయింది. ఆ కోతలో బూడిద పొరలు కేకు ముక్కలోలా కనిపిస్తాయి.

ఆ బూడిద నేలలోనే సాంటా పావ్ ఊరి 'ఫెజోల్స్' పండుతాయి. చిన్న తెల్ల చిక్కుడు గింజలు. పలచటి తోలు, నోట్లో వేస్తే వెన్న. జనవరిలో వీటి పేరుతో సంత జరుగుతుంది. ఇక్కడి వంటవాళ్లు కొందరు కలిసి 'అగ్నిపర్వత వంట' అని తమ భోజనానికి పేరు పెట్టుకున్నారు. ఈ నేల పంటల్నే వండుతామన్నది వాళ్ల నియమం.

వారం రోజులుగా పెరుగన్నం కోసం మొహం వాచినవాళ్లకు ఇక్కడే ఊరట. బీచ్ చెట్ల అడవి నడుమ 'లా ఫజేదా' అనే సహకార సంఘం ఉంది. దాని వ్యవస్థాపకుడి పేరు క్రిస్తోబల్ కొలోన్. కొలంబస్‌ని స్పానిష్‌లో పిలిచే పేరూ అదే! మానసిక వైద్యశాలల్లో పనిచేసిన ఈ సైకాలజిస్టు, రోగులకు కాలక్షేపం పనులు కాదు, జీతమొచ్చే అసలు పని కావాలనుకున్నారు. 1982లో సంఘం పెట్టారు. తర్వాత ఆవుల్ని పెంచి పెరుగు తయారుచేయడం మొదలుపెట్టారు. మానసిక సమస్యలు, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు పనిచేసే ఆ డెయిరీ పెరుగు ఇప్పుడు కాటలోనియా అంతటా అమ్ముడవుతోంది. జాలితో కాదు, రుచిగా ఉంటుందని కొంటారు. లోపలికెళ్లి చూడొచ్చు కూడా.

శాకాహారులైతే...

భయపడక్కర్లేదు, జాగ్రత్త పడాలంతే. కాటలన్ వంటలో పంది మాంసానికి పెద్దపీట. చిక్కుడు గింజల కూరలో సాసేజి ముక్క, కూరగాయల సలాడ్‌లో ట్యూనా చేప కనిపించడం మామూలే. 'మాంసం వద్దు' అంటే చాలదు. 'సెన్సె కార్న్ ని పేష్' అనాలి. మాంసమూ చేపా రెండూ లేకుండా అని అర్థం. అలా చెప్పాక ఎన్నో ఉన్నాయి. నిప్పుల మీద కాల్చిన వంకాయ, క్యాప్సికంల 'ఎస్కలివాదా' నోట్లో పెట్టుకుంటే మన కాల్చిన వంకాయ పచ్చడి గుర్తొస్తుంది. ఉప్పులేని మెత్తటి పన్నీరులాంటి 'మాతో' మీద తేనె పోసిస్తే పిల్లలు వదలరు. మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం తొమ్మిదింటికి! మధ్యలో పిల్లలకు రొట్టె, చాక్లెట్ పెట్టడం అక్కడి ఇళ్లల్లోనూ ఉన్నదే.

అనంతపురం అంటే తెలుసు!

2021 నుంచి 2024 దాకా కాటలోనియా తీవ్రమైన కరవు చూసింది. 2024 ఫిబ్రవరిలో బార్సిలోనా, జిరోనా ప్రాంతాల్లో నీటి అత్యవసర పరిస్థితి ప్రకటించి, సాగునీటికి 80 శాతం కోత పెట్టారు. తర్వాతి వానలతో జలాశయాలు కోలుకున్నాయి. కానీ ఆ మూడేళ్లూ పంట లేనప్పుడు ఇల్లు నడిపిందేమిటని రైతులనడిగితే ఆ గదుల, ఆ భోజనం బల్లల విలువ తెలుస్తుంది.

కరవు మాట రాగానే మన ఊరి పేరూ రావచ్చు. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది 1920లో, బార్సిలోనాలోనే. 2009లో అనంతపురంలో కన్నుమూశారు. ఆయన సంస్థ ద్వారా అనంతపురం పిల్లల చదువుకు ఏటా డబ్బు పంపే కుటుంబాలు కాటలోనియాలో ఎన్నో. 'ఆంధ్ర నుంచి వచ్చాం' అంటే తెలియనివాళ్లకు 'అనంతపురం' అంటే తెలిసే అవకాశం ఉంది. వేరుసెనగ పంట వాన కోసం ఎలా ఎదురుచూస్తుందో మీరు చెప్పండి. ఆలివ్ చెట్టు ఎన్నాళ్లు తట్టుకుంటుందో వాళ్లు చెబుతారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇంట్లో చేసి చూడండి: రొమెస్కో

పండు టొమాటోలు నాలుగు, ఒక వెల్లుల్లి గడ్డ తోలు మాడేదాకా కాల్చి, ఒలిచి పెట్టుకోండి. రెండు బ్యాడగి ఎండుమిర్చి గింజలు తీసి వేడినీళ్లలో నానబెట్టండి. (గుంటూరు మిర్చి వేశారో, అది రొమెస్కో కాదు!) యాభై గ్రాముల బాదం దోరగా వేయించండి. ముందు బాదం, ఉప్పు, మిర్చి నూరి, తర్వాత వెల్లుల్లి, టొమాటో కలిపి మెదపండి. చెంచాడు వెనిగర్, అరకప్పు ఆలివ్ నూనె కొద్దికొద్దిగా కలపండి. మరీ మెత్తగా ఉండకూడదు. కల్సొట్లు లేవంటారా? లావుపాటి ఉల్లికాడల్ని స్టవ్ మంట మీద కాల్చి ముంచుకోండి. ఈ ఆదివారం స్పూన్లు బల్ల మీద పెట్టకండి.