పెరటి మూలికలు: వస

ఎడతెగక మాట్లాడే పిల్లను చూచి మన పెద్దలు ‘దీనికి వస ఎక్కువ పోశారే!’ అని నవ్వుతారు. వాగుడుకాయకు వసపిట్ట అని పేరు. నాయకరాజుల నాటినుండి మధుర, కోయంబత్తూరు సీమలలో కాపురమున్న మన ఇండ్లలో, బడిచదువు అరవమైనా ఈ మాటలు నిలిచే వున్నవి.

వస చిత్తడి నేలలో పెరిగే మొక్క. ఆకులు కత్తివలె నిడుపుగా వుండును. నలిపితే మంచి వాసన. మందుకు పనికివచ్చేది బురదలో అడ్డముగా పాకే కణుపుల దుంప. ఎండినదానిని మనము వసకొమ్ము అంటాము, అరవమువారు వసంబు అంటారు. సంస్కృతములో వచ, అనగా మాట. ఘాటు వాసనచేత ఉగ్రగంధ అని కూడ పేరు. ఆయుర్వేదము దీనిని జ్ఞాపకశక్తికి, మాట స్పష్టతకు, ఆకలికి, కడుపుబ్బరమునకు చెప్పినది. మోతాదు మించితే వాంతి చేయించును.

అరవ ఇండ్లలో దీనికి ‘పేర్ సొల్లా మరుందు’ అని మరొక పేరున్నది. పేరు చెప్పరాని మందు అని అర్థము. మనము మాత్రము పేరుపెట్టియే పిలుస్తాము.

వసకొమ్మును ఆముదపు దీపముపై కాల్చి, సానపై తల్లిపాలతో అరగదీసి, పసిబిడ్డ నాలుకకు రాయడము ఆనవాయితి. దీనిని గురించి మేము దాచకుండా చెప్పవలసియున్నది. వసనూనెలో అసరోను అనే పదార్థము కలదు. ఆ నూనెను ఎలుకలకు పెట్టి చూడగా ప్రేవులలో కంతులు లేచినవి. అందుచేత అమెరికాలో 1968లో ఆహారపదార్థములలో వసను నిషేధించినారు. సానపై ఎంత అరిగినదో, బిడ్డ కడుపులోనికి ఎంత పోయినదో ఎవరు కొలువగలరు? 6 నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేదియు వలదని వైద్యులు చెప్పుచున్నారు. ముంజేతికి వసముక్కలు గ్రుచ్చి కట్టినా, బిడ్డ చప్పరించును. ముక్క ఊడితే గొంతుకు అడ్డము పడవచ్చును. గర్భిణులు వస జోలికి పోరాదు. తక్కిన పెద్దవారైనా వైద్యుని అడిగియే పుచ్చుకోవలెను.

అట్లని వసకొమ్మును పారవేయనక్కరలేదు. గుడ్డసంచిలో కట్టి, పిల్లల చేతికందకుండ పట్టుచీరల నడుమ, పుస్తకముల బీరువాలో వుంచినచో పురుగు చేరదు.

ఇక మాట సంగతి. వస పోసే అవ్వ ఊరక పోసేది కాదు. బిడ్డను ఒడిలో పెట్టుకొని తెలుగులో ఊసులాడుతూ పోసేది. వస మానినా ఆ ఊసులు మానరాదు. అరవము వీధిలో వచ్చును, ఇంగ్లీషు బడిలో వచ్చును. మన పిల్లలకు తెలుగు వచ్చేది ఇంటిలోనే. 2 ఏండ్లు నిండినా బిడ్డ రెండు మాటలు కలిపి పలుకకున్నచో, నాటుమందు అంగడికి పోక వైద్యునికి చూపించి, ముందుగా చెవులు పరీక్ష చేయించండి.