డబ్బులు తీసుకోండి, లెక్క చెప్పండి

బజారులో కారు ఆపినందుకు డబ్బులు కట్టమంటే తప్పేమీ లేదు. ట్యాక్సీ నడుపుకుని బతికేవాడు ఈ మాట అంటే మా స్టాండులో కొందరికి ఒళ్లు మండుతుందని తెలుసు. "నీకేం పోయింది, పాసింజరు దగ్గర లాగుతావు" అంటారు. నిజమే, ఆఖరికి ఆ డబ్బు పాసింజరు జేబులోంచే పోతుంది. అందుకే జవాబు చెప్పుకోవాల్సినవాణ్ణి కూడా నేనే. "ఈ యాభై దేనికండీ?" అని వెనక సీట్లోంచి అడిగితే ఏం చెప్పాలో తెలియని పార్కింగ్ చార్జీ ఉంది చూశారూ, నా గొడవంతా దానిమీదే.

మాది బస్తర్ జిల్లా జగదల్‌పూర్. నాన్నది పార్వతీపురం పక్క పల్లె. 1960ల్లో బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేస్తున్న రోజుల్లో గ్యాంగు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నా బండెక్కేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. అరకు మీదుగా కిరండూల్ రైల్లో వచ్చి దిగేవాళ్లు కొందరు, హైదరాబాద్ నుంచి విమానంలో వచ్చేవాళ్లు కొందరు. వానాకాలం వచ్చిందంటే విజయవాడ వైపు నుంచి భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని సొంత కార్లలో వచ్చేస్తారు. చిత్రకోట్ జలపాతం చూడాలి, తీరథ్‌గఢ్ జలపాతం చూడాలి, దంతేవాడలో అమ్మవారిని దర్శించుకోవాలి, సాయంత్రం బజారులో బస్తర్ ఇత్తడి బొమ్మలు కొనుక్కోవాలి. బండి ఆగిన చోటల్లా ఎవరో ఒకరు చీటీ పుస్తకం పట్టుకుని ఎదురొస్తారు.

ఆ చీటీలన్నీ డాష్‌బోర్డు అరలో పడేస్తాను, పాసింజరు లెక్క అడిగితే చూపించాలి కదా. వాటిలో ఒకటి ఇప్పుడు నా ముందుంది. అరచేతిలో సగం ఉన్న గులాబీరంగు పల్చటి కాగితం. పైన హిందీలో "వాహన్ పార్కింగ్" అని అచ్చు. వరస నంబరు ఉండాల్సిన చోట చుక్కలు. తేదీ దగ్గరా చుక్కలే. రూపాయల గుర్తు పక్కన 20 అని ఎవరో బాల్‌పెన్నుతో రాసి, రెండుని దిద్ది అయిదు చేశారు. కింద రబ్బరు ముద్ర నీలంగా అలుక్కుపోయింది, ఏ ఆఫీసుదో దేవుడికే తెలియాలి. ఊరి పేరు చెప్పను. చీటీ చింపి ఇచ్చిన కుర్రాణ్ణి "రేటు బోర్డేది బాబూ?" అని అడిగితే, "గాలివానకి పడిపోయింది భయ్యా" అన్నాడు. ఏ గాలివాన అని అడిగే ఓపిక నాకు లేకపోయింది. వెనక సీట్లో గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన మాత్రం, "బోర్డు పడిపోయినా రేటు లేచిందిగా" అన్నాడు.

నాకు ఆ కుర్రాడి మీద కోపం లేదు. అతను రోజుకూలీ. చాలా ఊళ్లలో ఈ వసూలు ఎలా నడుస్తుందో అందరికీ తెలిసిందే. మన వైపు సంతలో ఆశీలు పాట పాడినట్టే ఇక్కడ ఠేకా పాడతారు. ఎక్కువకి పాడినవాడు ఏడాదికింత అని ముందే కట్టేస్తాడు. ఇక ఆ డబ్బు, దానిమీద లాభం రాబట్టుకోవడం అతని పని. పుస్తకంలో వరస నంబరు వేస్తే ఎన్ని బండ్లు ఆగాయో తేలిపోతుంది, తేలితే వచ్చే ఏడు పాట పెరుగుతుంది. మరి నంబరెందుకు వేస్తాడు? ఇందులో మునిసిపాలిటీ పోగొట్టుకునేది డబ్బొక్కటే కాదు. ఏ వీధిలో ఏ వేళ ఎన్ని బండ్లు ఆగుతున్నాయన్న లెక్క కూడా ఠేకాదారు జేబులోకే పోతుంది. ఆ లెక్క లేకుండా ఎక్కడ మైదానం చదును చెయ్యాలో, ఎక్కడ వన్‌వే పెట్టాలో ఏ ఇంజనీరు మాత్రం చెప్పగలడు?

హైదరాబాద్ పాసింజర్లయితే చీటీ చూడగానే, "మా దగ్గర అరగంట ఫ్రీ అండీ" అంటారు. వాళ్లు చెప్పేది 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 63 సంగతి. మాల్స్, మల్టీప్లెక్సులు, దుకాణాల సముదాయాల్లో మొదటి అరగంట ఎవరి దగ్గరా తీసుకోకూడదు. అరగంట దాటి గంటలోపయితే అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే పార్కింగ్ చార్జీ కంటే బిల్లు ఎక్కువుండాలి, అప్పుడూ ఉచితమే. ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2021 జూలైలో ఒకే తెర ఉన్న సినిమా హాళ్లకి మాత్రం వసూలు చేసుకోవచ్చని మళ్లీ సడలించారు. సడలింపు మంచిదా కాదా అన్నది వేరే సంగతి. ఎంతసేపటికి ఎంత అన్నది కాగితం మీద ఉంది కాబట్టి కౌంటరు దగ్గర మామూలు మనిషి కూడా నిలబడి వాదించగలుగుతున్నాడు.

అదే హైదరాబాద్‌లో 2024 ఆగస్టులో నాగోల్ మెట్రో స్టేషన్ దగ్గర ఏం జరిగిందో గుర్తుంది కదా. అప్పటిదాకా ఉచితంగా బండి పెట్టుకుని రైలెక్కి ఉద్యోగాలకు పోతున్నవాళ్లకి, ఇక నుంచి డబ్బులు అన్నారు. జనం తిరగబడ్డారు. మెట్రో యాజమాన్యం కొన్నాళ్లు వెనక్కి తగ్గి, అక్టోబరులో నాగోల్, మియాపూర్‌లలో వసూలు మొదలుపెట్టింది. రెండు గంటలకి బైకుకి పది రూపాయలు, పన్నెండు గంటలకి నలభై. కారుకి ముప్ఫై నుంచి నూట ఇరవై. పొద్దున పెట్టి రాత్రికి తీసుకునే బైకు మనిషికి నెల తిరిగేసరికి అది వెయ్యి దాకా అవుతుంది. కారూ బైకూ రోడ్డెక్కకుండా రైలెక్కించడానికే కదా మెట్రో వేసింది? గుమ్మంలోనే అంత పిండితే జనం మళ్లీ బండిమీదే ఆఫీసుకి పోతారు.

పార్కింగ్ చార్జీ అని అందరం ఒకే గాట కట్టేస్తాం గానీ చోటుని బట్టి న్యాయం మారుతుంది. మాల్ కట్టేవాడు పార్కింగ్‌కి ఇంత జాగా వదులుతానని ప్లానులో చూపించి అనుమతి తెచ్చుకుంటాడు. ఆ వదిలిన జాగాకే మళ్లీ డబ్బులు గుంజడం కుదరదని గుజరాత్ హైకోర్టు 2019లో చెప్పింది. రైల్వే స్టేషన్, మెట్రో స్టేషన్ లాంటి చోట ప్రయాణం సాగడం ముఖ్యం, కాబట్టి రేటు తక్కువుండాలి. మూడోది వీధి. అది ఏ యజమానిదీ కాదు, ఊరందరిదీ. అక్కడ కారు ఆపడమంటే నలుగురి జాగాని కాసేపు సొంతానికి వాడుకోవడం. దానికి కార్పొరేషన్ చార్జీ వెయ్యొచ్చు. అయితే ఒక మాట. శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు 1954లోనే పన్ను వేరు, రుసుము వేరు అంది. రుసుము తీసుకుంటే బదులుగా ఏదో ఒక సేవ చెయ్యాలి. తర్వాతి తీర్పుల్లో ఆ పట్టు కొంత సడలిందని నా బండెక్కిన ఒక వకీలు గారు చెప్పారు. సడలినా, గీత గీసిన చోటు, రాత్రికో దీపం, కాపలాకో మనిషి, ఇవేవీ లేకుండా మురిక్కాలువ అంచున ఆపినందుకు చీటీ చింపితే అది ఏ లెక్కలో సేవ?

ఇప్పుడు మా స్టాండు వాళ్లకి నచ్చని మాట. ఆదివారం సంతకి రండి. తెల్లారకముందే పల్లెల నుంచి ఆడవాళ్లు బుట్టలతో దిగుతారు. చింతపండు, ఇప్పపువ్వు, సాలాకు దొప్పల్లో ఎర్రచీమలు. నేలమీద గోనె పరుచుకుని కూర్చుంటారు. కాసేపటికి బైఠకీ, అంటే సంతలో కూర్చున్నందుకు కట్టే రుసుము, వసూలు చేసే మనిషి వచ్చి ఒక్కొక్కరి దగ్గరా చిల్లర తీసుకుపోతాడు. ఆ ఆవిడ కూర్చున్నది మహా అయితే రెండు గజాల జాగా. ఆమె వెనకే, సంతకొచ్చిన మారాజు కారు. ఒక్క కారు నిలపడానికి ఇంజనీర్లు వేసే లెక్క రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. అంత జాగాలో అలాంటి గోనెలు అరడజను పడతాయి. సరుకు అమ్ముడుపోకపోయినా ఆవిడ కట్టాలి. ఏసీ వేసుకుని లోపల కూర్చున్నాయన ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. కారువాళ్లమయిన మనం "పార్కింగ్ దోపిడీ" అని గొంతు చించుకునే ముందు ఈ రెండు జాగాల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. బైఠకీ ఉన్నన్నాళ్లు కారుకి ఉచితం అనే హక్కు మనకి లేదు.

చార్జీ పెడితే గిరాకీ పోతుందని దుకాణదారులు భయపడతారు. మా బజారులో ఒక పూట నిలబడి చూస్తే తెలుస్తుంది, దుకాణాల ముందు జాగా ఆక్రమించేది గిరాకీలు కాదు. పొద్దున షట్టరు ఎత్తినప్పుడు పెట్టిన యజమాని కారు, పనివాళ్ల మోటారు సైకిళ్లు రాత్రి షట్టరు దించేదాకా కదలవు. కొనడానికి వచ్చినవాడే జాగా దొరక్క మూడు చుట్లు తిరిగి వెళ్లిపోతాడు. మొదటి అరగంట ఉచితం చేసి, గంట గంటకీ రేటు పెంచుతూ పోతే యజమాని బండి వెనక వీధిలోకి పోతుంది, గిరాకీ బండి ముందుకొస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో పాసడీనా అనే ఊరుంది. అక్కడి పాత బజారులోనూ వ్యాపారులు ఇలాగే గునిశారు. 1993లో మీటర్లు పెట్టి, వచ్చిన డబ్బుని ఆ వీధుల్లోనే ఫుట్‌పాత్‌లకీ దీపాలకీ శుభ్రతకీ ఖర్చు పెడతామని మాటిచ్చి నిలబెట్టుకున్నారు. పాడుబడ్డ బజారు మళ్లీ కళకళలాడింది. ఏ వీధి డబ్బు ఆ వీధికే అంటే వ్యాపారి కూడా కాదనడు.

కట్టకూడనివాళ్లూ ఉన్నారు. మహారాణి ఆసుపత్రికి రోగిని తెచ్చిన బండి దగ్గర, డిమరాపాల్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో అన్నం కారియర్ పట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గర చీటీ పుస్తకం తెరవకూడదు. సైకిలుకి ఎక్కడా తీసుకోకూడదు. సంత రోజు పల్లె నుంచి పాతికమందిని, వాళ్ల బుట్టల్ని మోసుకొచ్చే పికప్ బండికి మాఫీ ఉండాలి. ఆ బండి మీద వేసే ప్రతి రూపాయీ చివరికి ఆ చింతపండు బుట్ట మీదే పడుతుంది.

మరి ఇదంతా ఎవరు నిర్ణయించాలి? తీరథ్‌గఢ్ జలపాతం దగ్గర ఊరివాళ్ల సమితి చీటీ ఇస్తుంది. ఇచ్చినప్పుడు నేను సణుక్కోను, ఆ డబ్బుతో అక్కడ చెత్త ఎత్తే మనిషి నా కళ్లకి కనబడుతున్నాడు. బస్తర్ జిల్లా మొత్తం రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద వచ్చే ఆదివాసీ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ప్రకారం పల్లెలో సంత నడిపే అధికారం గ్రామసభకీ పంచాయతీకీ ఉండాలి. పట్నానికి అలాంటి చట్టం లేదు. షెడ్యూలు ప్రాంతాల మునిసిపాలిటీల కోసం 2001లో రాజ్యసభలో పెట్టిన బిల్లు ఇంతవరకూ చట్టం కాలేదు. అంటే పదిమందిని కూర్చోబెట్టి అడగాలన్న నియమం పల్లెకి ఉంది, పట్నానికొచ్చేసరికి మాయమైంది.

అడగడం మా ఊరికి కొత్త కాదు. డెబ్భై అయిదు రోజుల బస్తర్ దసరాలో సిరహాసార్ భవనంలో మురియా దర్బారు జరుగుతుంది. 1876 నుంచి వస్తున్న ఆనవాయితీ అది. పరగణాల పెద్దలైన మాంఝీలు, చాల్కీలు లేచి నిలబడి తమ ఊళ్ల కష్టాలు చెప్తారు, ముఖ్యమంత్రి అంతటివాడు కూర్చుని వింటాడు. అడవిలోంచి వచ్చిన మాంఝీ ముందు సర్కారు జవాబు చెప్పగలిగినప్పుడు, వార్డులో ఉన్న నాలాంటివాడి ముందు కార్పొరేషన్ రేట్ల పట్టిక పెట్టి "ఏమంటారు?" అని అడగడానికి కష్టమేముంది?

నేనడిగేవి పెద్ద కోరికలేమీ కావు. ఏ ఊళ్లోనైనా సరే, వసూలు మొదలయ్యే ముందు తెల్లగీతలతో చోటు గుర్తించాలి. రేటు బోర్డు హిందీలో, హల్బీలో, మా పాసింజర్ల కోసం తెలుగులో కూడా రాయాలి. ప్రతి చీటీకీ అచ్చువేసిన నంబరు, తేదీ, టైము ఉండాలి. ఫోనులో కడతానన్నవాడి డబ్బు ఠేకాదారు సొంత ఖాతాకి కాక నేరుగా కార్పొరేషన్ ఖాతాలో పడాలి. ఏ వీధిలో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది నెలకోసారి వార్డు ఆఫీసు గోడకి అంటించాలి. ఇంత చేస్తే యాభై అడిగినా ఇస్తాను, పాసింజరుకి నేనే సర్దిచెప్తాను. నంబరు లేని చీటీకి మాత్రం పది రూపాయలు కూడా ఎక్కువే. బండి నిలిపే ప్రతివాడూ డబ్బు చేతికిచ్చే ముందు "నంబరేది?" అని అడగడం మొదలుపెడితే, సర్కారు జీవో తెచ్చేదాకా ఆగక్కర్లేదు, ఠేకాదారే పరుగెత్తుకెళ్లి నంబర్లు వేయించుకొస్తాడు.